ఆరని పెంకు

సముద్రపొడ్డున ఒక రాజ్యం, దానికొక రాజు ఉన్నాడనుకోండి. ఆయనకు ఇద్దరు కొడుకులు, వాళ్ళ తర్వాత తరంగిణి అనే కూతురు. ఆ పిల్లకు నగలు పట్టేవి కావు. అలలు అరగదీసి నున్నన చేసిన గాజు పెంకులు ఏరుకోవడమంటే ప్రాణం. ఆకుపచ్చది దొరికితే ఒక గంతు, నీలిది దొరికితే రెండు గంతులు, ఎర్రది దొరికితే ఆ పూట అన్నం కూడా అక్కర్లేదు. తడిగా ధగధగలాడిన పెంకులు ఇంటికి తెచ్చేసరికి ఆరిపోయి, బూడిద పూసినట్టు తెల్లబోయేవి. వాటిని మళ్ళీ నీళ్ళ గిన్నెలో వేసుకుని మురిసిపోయేది.

ఒకనాడు కాలకర్ణి అనే రత్నాల వర్తకుడు కోటకు అతిథిగా వచ్చాడు. అందరికీ తెగ నచ్చాడు. తరంగిణికి మాత్రం మింగుడు పడలేదు. ఒడ్డున తిరుగుతూ కాళ్ళు తడవనివ్వడేమిటి? అతని నీడ పడితే పీతలన్నీ బొరియల్లో దూరతాయేమిటి? తండ్రితో చెబితే, అతిథిని శంకించకూడదని ఆయన మందలించాడు.

మొదటి రోజు పెద్దన్న కాలకర్ణితో షికారుకు వెళ్ళి తిరిగి రాలేదు. రెండో రోజు చిన్నన్న వెళ్ళాడు, అతనూ రాలేదు. వేటలో ఉన్నారని కాలకర్ణి చెబితే రాజు నమ్మాడు. మూడో రోజు తరంగిణికి ఒక ఎర్ర పెంకు, ఒక నీలి పెంకు దొరికాయి. ఆత్రంగా తీసుకోబోతే వేలు తెగింది. ఏళ్ళ తరబడి అలల్లో దొర్లిన పెంకుకు ఇంత పదునెక్కడిది? ఇవి సముద్రం తెచ్చినవి కావు, నిన్న మొన్న ఎవడో చేసినవి. మొన్నా నిన్నా కాలకర్ణితో వెళ్ళిన అన్నలే ఇవి, వాడు మాంత్రికుడని ఆమెకు అర్థమైంది. అన్నలిద్దరినీ కొంగున ముడివేసుకుంది.

ఆ రోజే కాలకర్ణి నవ్వుతూ వచ్చాడు. ఏడు సముద్రాల అవతల తనకొక దీవి ఉందనీ, అక్కడ ఇసుకకు బదులు అన్నీ పెంకులేననీ ఊరించాడు. వల వేస్తున్నాడని ఆమెకు తెలుసు. కానీ వాణ్ణి వదిలేస్తే అన్నలు ఎప్పటికీ మనుషులు కారు. వస్తానని ఓడ ఎక్కింది.

దీవి నిండా పెంకుల దిబ్బలే. పొద్దుగూకేదాకా ఏరుకోమని చెప్పి మాంత్రికుడు గుహలోకి పోయి పడుకున్నాడు. అప్పుడొక ముసలి పీత పక్కకు పక్కకు నడుచుకుంటూ వచ్చింది.

"తల్లీ, ఈ పెంకులన్నీ మనుషులే. పొద్దుగూకితే నువ్వూ పెంకువే. వాడు తన ప్రాణం ఒక ఆకుపచ్చ పెంకులో పెట్టి ఇక్కడే కలిపేశాడు. ఏదో మాత్రం నాకు తెలియదు."

తరంగిణి దాన్నీ నమ్మలేదు. "నాకు చెబితే నీకేం ఒరుగుతుంది?"

"గాజులో బొరియ తవ్వలేక నా కాళ్ళు అరిగిపోయాయి. నాకు ఇసుక కావాలి."

ఆ మాటతో ఆమెకు నమ్మకం కుదిరింది. కానీ ఆకుపచ్చ పెంకులు వేలకు వేలున్నాయి. తప్పు పెంకు పగిలితే ఎవరి అన్నో చచ్చిపోతాడు. అందుకని ఏదీ ముట్టకుండా, దిబ్బల్ని తడుపుతున్న అలలు వెనక్కి తగ్గేదాకా చేతులు కట్టుకు కూర్చుంది. ఎండకు దిబ్బలన్నీ ఆరాయి. ఎరుపు, నీలం, పచ్చ అన్నీ తెల్లబోయాయి. ఒక్క ఆకుపచ్చ పెంకు మాత్రం తడిసినట్టే మెరుస్తోంది. ఒక్కనాడూ వంగి పెంకు ఏరని కాలకర్ణికి, ఆరితే మిగతావాటి రంగు పోయి తనది బయటపడుతుందని ఏం తెలుసు?

ఆమె రాయెత్తింది. గుహలోంచి కాలకర్ణి కేకలు వేస్తూ పరుగెత్తుకొచ్చాడు. మూడో దెబ్బకు పెంకు పగిలింది, వాడు కుప్పకూలాడు.

దిబ్బలు కదిలాయి. కొంగు ముడి విప్పగానే అన్నలు లేచి నిలబడ్డారు. చెల్లెల్ని పట్టుకుని ఏడ్చారు. వేలమంది లేచారు. అందరికన్నా పాతకాలం రాకుమారుడొకడు తెల్లముఖం వేసుకుని నిలబడ్డాడు. సముద్రం అతని పేరును కూడా అరగదీసేసిందట. తరంగిణి అతన్ని ఎగాదిగా చూసి, అతని నీడలో పీతలు నింపాదిగా తిరగడం చూశాకే పలకరించింది.

అందరూ కోటకు తిరిగొచ్చాక, పేరు లేనివాడికి పిల్లనెలా ఇస్తామని రాజు నసిగాడు. ఆమే ధవళుడని పేరు పెట్టి పెళ్ళాడింది. అన్నలు గద్దెను చెల్లెలికే వదిలేస్తే, ఇద్దరూ తల నెరిసేదాకా చల్లగా రాజ్యమేలారు. మహారాణి అయ్యాక కూడా ఆమె రోజూ పెంకులు ఏరుతూనే ఉండేది. కాకపోతే దొరికిన ప్రతి పెంకునూ చెవి దగ్గర పెట్టుకుని, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగేది. జవాబు రాకపోతేనే ఒళ్ళో వేసుకునేది.