ఆఖరి ఆరు పేజీలు

భద్రయ్య మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్లెవరూ జవాబుతో ఇంటికి వెళ్లిన దాఖలా లేదు. ఏదో ఒక పని చేసి వెళతారు. శైలి అంటే ఏమిటని అడిగిన ఒక కవి చేత పక్కింటివాళ్ల నిచ్చెన మోయించారు. కథ ఎక్కడ ముగించాలో ఎలా తెలుస్తుందని అడిగినావిడ చేత చిక్కుడుకాయలకు ఈనెలు తీయించారు. పని అయ్యాక మాస్టారు ఒక మాట అంటారు, ఒక్కోసారి అదీ అనరు. రాయడం నేర్చుకుందామని బాపట్లలో ఆయన ఇంటి వసారాకు వచ్చేవాళ్లందరికీ ఇది అలవాటే. ఇంకెప్పుడూ రానని విసుక్కుంటూ వెళ్లినవాళ్లే మళ్లీ ఆదివారానికి హాజరవుతారు.

ఆ ఆదివారం సులోచన అందరికంటే ముందే వచ్చింది. ఆవిడ చినగంజాం దగ్గర అంగన్‌వాడీ టీచరు. ఉప్పు మడుల్లో జీవితం కరిగించుకున్న తన తల్లి కథను నవలగా రాసి, ఏ ప్రచురణకర్తా పలకకపోతే తానే అచ్చు వేయించుకుంది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు పుస్తకం వేసి చూడు అనడం మర్చిపోయారు గాని, ఆ ముచ్చటా తీరింది. ఇప్పుడు రెండో నవల చేతిలో సిద్ధంగా ఉంది. వెయ్యాలో వద్దో సాయంత్రంలోగా తేల్చమని చీరాల ప్రెస్సాయన అన్నాడు. ఆ తర్వాత పెళ్లి కార్డుల హడావుడి, తనకు ఊపిరాడదట. ఇప్పుడు వద్దంటే మళ్లీ వెయ్యమనే ధైర్యం తనకు రాదని సులోచనకు బాగా తెలుసు. రాసింది ట్రంకుపెట్టెలోకి పోతుంది, అక్కడే ఉంటుంది.

"మాస్టారూ, నా నవలని ఎవరో స్కాన్ చేసి ఫోన్లో పుస్తకాల గ్రూపులో పెట్టారు," అంది కూర్చుంటూనే. "వేలమంది చదివారట. పెట్టినాయనకు దండాలే దండాలు. సొమ్మొకడిది, సోకొకడిది. మా ఇంట్లో పుస్తకాల కట్టలు మాత్రం కట్టిన తాడు విప్పకుండా అలాగే ఉన్నాయి. సంతోషపడాలో ఏడవాలో తెలియడం లేదు. వీళ్లు నన్ను దోచుకున్నారా, నెత్తిన పెట్టుకున్నారా?"

మాస్టారు పలికేలోగా సులోచన ఫోను మోగింది. ఆవిడ చూసి కట్ చేసింది. మళ్లీ మోగింది.

"పొద్దున్నుంచీ ఇదే నంబరండీ. ఆ గ్రూపువాళ్లే అయ్యుంటారు. మొన్న ఒకాయన అక్షరాలు మసకగా ఉన్నాయని నన్ను తిట్టాడు."

"తియ్యి. స్పీకర్లో పెట్టు," అన్నారు మాస్టారు. ఆ రోజుకు ఆవిడకు అప్పజెప్పిన పని అదే.

"అమ్మా, నమస్కారం," అంది ఫోన్లో గొంతు. "జమ్మలమడుగు నుంచి మాట్లాడతాండా. ఓబులేసు నా పేరు, మగ్గం నేస్తా. మీ నవల సదివినాము. నేను సదువుతాంటే మా ఇంట్లో ఆమె నూలు కండెలు సుడతా ఇనింది. ఆఖర్న ఆరు పేజీలు ల్యావమ్మా. ఆ మంగమ్మ ఉప్పు మడికి తిరిగి పోయిందా ల్యాదా? అదొక్కటి సెప్పండి. మా ఇంట్లో ఆమె రెండు దినాల్నుంచి కూడు సరిగ్గా తినడం ల్యా."

"ఈ నంబరు మీకెక్కడ దొరికింది?"

"పుస్తకం మొదట్లోనే ఉండాది గదమ్మా, ప్రతులకు అని."

సొంతంగా అచ్చు వేసుకునేవాళ్లందరిలాగే సులోచన కూడా తన పేరు, డోరు నంబరు, ఫోను నంబరు ముందు పేజీలో వేయించుకుంది. పుస్తకం కావాలని ఎవరైనా ఫోన్ చేస్తారని ఆ రోజుల్లో స్నానానికి వెళ్లినా ఫోను గుమ్మం దగ్గర పెట్టుకుని వెళ్లేది. స్కాన్ చేసిన మహానుభావుడు ఆ పేజీని భద్రంగా ఎక్కించి, ఆఖరివి మాత్రం ఎగ్గొట్టాడు.

"ప్రతులకు అంటే పుస్తకం కావాల్సినవాళ్లకండీ."

"పుస్తకం మా కాడుండాది గదమ్మా. ఆరు పేజీలే ల్యావు."

"కొనుక్కోవచ్చు కదా మరి."

"ఆరు పేజీలకు పుస్తకమంతా కొనాల్నామ్మా?"

ఆ గొంతులో పిసరంత కపటం ఉన్నా సులోచన ఫోను పెట్టేసేదే. లేకపోవడంతోనే ఆవిడకు చిక్కొచ్చిపడింది. నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చి, కక్కలేక మింగలేక మాస్టారి వైపు చూసింది. ఆయన ఆవిడ సంచీ వైపు చెయ్యి చూపించి, "చదివి వినిపించు," అన్నారు.

సంచీలో ఎప్పుడూ ఉండే ప్రతిని తీసి ఆవిడ చదివింది. ఆ ఆరు పేజీలూ తల్లి పోయిన ఏడాది రాసినవి. అచ్చులో చూసుకుందే గాని ఎన్నడూ పైకి చదవలేదు. అవతల అంతదాకా వినిపిస్తున్న కండెల రాట్నం చప్పుడు ఆగిపోయింది. చదవడం పూర్తయ్యాక ఒక ఆడగొంతు దూరం నుంచి వినిపించింది.

"మళ్లా ఆ ఎండలోకే పోయిందా, తల్లీ?"

ఆ మనిషి ఏడుస్తోంది. తన తల్లి కోసం తమ ఇంటివాళ్లు కాకుండా ఇంకొకరు ఏడవగా సులోచన ఇన్నేళ్లలో వినలేదు. ప్రాణం లేచి వచ్చింది. ఆ క్షణంలో ఎవరైనా అడిగితే ఇంట్లో కట్టలన్నీ ఊరికే జమ్మలమడుగుకు పంపేసేది. మరుక్షణమే ఆ కట్టలూ, ప్రెస్సాయనా గుర్తొచ్చి, తనను ఏడిపిస్తున్నది ఏదో తనకే తెలియకుండా పోయింది.

మళ్లీ ఓబులేసు అందుకున్నాడు. "శానా పున్నెముంటాదమ్మా మీకు. మీ గురువు భద్రయ్య గారని ముందు రాసినారు గదా. ఆయన రాసిన పెద్ద నవల, రెండు భాగాలూ ఫోన్లోనే సదివినా. అట్లా రాసేటోళ్లు ల్యారు. మూడోది రాయకుండానే పోయినాడంట, పాపం. గ్రూపులో అందరూ బాధపడతాండారు."

సులోచన తలెత్తలేకపోయింది. మూడో భాగం పూర్తయి ఏళ్లు గడిచాయి. ఈ వసారాలోనే కూర్చుని ఆవిడ చదివింది కూడా. మాస్టారివి ఆవిడలా సొంత ప్రచురణలు కావు. విజయవాడలో పేరున్న సంస్థ వేసేది. మొదటి రెండు భాగాలూ ఫోన్లకెక్కాక ఆ సంస్థవాళ్లు, "చదివామనేవాళ్లే గాని కొన్నామనేవాళ్లు కనబడటం లేదు మాస్టారూ, కొన్నాళ్లు ఆగుదాం," అన్నారు. మాస్టారికి రోషం పొడుచుకొచ్చింది. దొంగలకు వడ్డించనని రాతప్రతిని వెనక్కి తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేశారు. అంతటి మాస్టారూ ఆ పని చేయడం తప్పో ఒప్పో శిష్యులెవరూ తేల్చుకోలేకపోయారు. అడిగే ధైర్యమూ ఎవరికీ లేదు.

మాస్టారు ఫోను దగ్గరకు వంగారు. "నాయనా, నేనే భద్రయ్యని. బతికే ఉన్నాను. పోయింది మూడో భాగం."

ఓబులేసు సంతోషం పట్టలేకపోయాడు. "దేవుడా, ఉండారా సారూ? ఎంత మంచి మాట ఇన్నాను. మూడోదాని సంగతి మీరు దిగులు పడద్దండి. మా గ్రూపాయనకు సెప్తా. ఆయన యాడాడివో దొరకని పుస్తకాలన్నీ తెచ్చి పెడతాడు."

"అడుగు నాయనా," అన్నారు మాస్టారు. "దొరికితే నాకూ ఒకటి పంపమను."

ఓబులేసు తప్పకుండా పంపిస్తానని మాటిచ్చి ఫోను పెట్టేశాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే ఇచ్చాడు. సులోచనకు నవ్వు రాలేదు. మాస్టారి మొహం చూడాలనిపించలేదు. వచ్చినప్పుడు ఒక్క చిక్కుముడే ఉంది, ఇప్పుడు రెండయ్యాయి. ఏడ్చిన ఆ ఇల్లాలిని దొంగ అనడానికి నోరు రావడం లేదు. అలాగని బీరువా తాళాన్ని మరిచిపోవడమూ కుదరడం లేదు.

"మాస్టారూ, నేనడిగిందానికి మీరు జవాబు చెప్పనేలేదు," అంది చివరికి, కొంచెం కోపంగానే. "రెండోది వేస్తే ఇదే జరుగుతుంది. అది కూడా ఫోన్లకెక్కుతుంది, కట్టలు నా ఇంట్లో ఉంటాయి. ప్రెస్సాయనకు ఏం చెప్పమంటారు? వెయ్యమననా, వద్దననా?"

మాస్టారు లోపల బీరువా ఉన్న గది వైపు చూశారు.

"నా మూడో భాగాన్ని ఇంతవరకూ ఎవరూ దొంగిలించలేదమ్మా," అన్నారు.