పడుచు రాజు చెవి

ఒక రాజుకి చెవుడు వచ్చింది. వచ్చిందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. పైగా ఆ కొలువులో తాతలనాటి ఆచారం ఒకటుంది: రాజుగారి చెవిన పడని మాట అసలు ఎవరూ అననట్టే లెక్క. అందుకని మంత్రి అరిచి చెప్పేవాడు. సేనాపతి అంతకంటే గట్టిగా అరిచేవాడు. రాజ్యంలోని రహస్యాలన్నీ వీధిలో బఠాణీలు అమ్ముకునేవాళ్ల దాకా తెలిసిపోయేవి, ఒక్క రాజుకి తప్ప.

మెల్లగా మాట్లాడటం ఈ కాలపు ఫ్యాషన్ కాబోలని రాజు విసుక్కునేవాడు.

చివరికి పరదేశం నుంచి ఒక చెవి మిషను తెప్పించారు. పెట్టుకోగానే రాజుకి మంత్రి కడుపులో గుడగుడ వినిపించింది. సేనాపతి కొత్త చెప్పుల కిర్రు వినిపించింది. వంటింట్లో ఎవరో తనని తిట్టడం కూడా వినిపించేసరికి, సంబరం పట్టలేక ఆ తిట్టినవాడిని పిలిపించి ఉంగరం బహూకరించాడు.

కానీ ఆయనకి కావలసింది ఇవేవీ కావు. పోయిన రాణి గొంతు కావాలి. ఆమె ముఖం గుర్తుంది, ముక్కుపుడక గుర్తుంది, గొంతు మాత్రం ఎప్పుడు చెరిగిపోయిందో చెరిగిపోయింది. తలుచుకున్నప్పుడల్లా ఆమె మంత్రి గొంతుతో మాట్లాడుతోంది. ఈ బాధ ఎవరికి చెప్పుకుంటాడు? లోలోపలే ఏడ్చాడు, పాపం.

అలాంటప్పుడు వీడియోలు తీసే ఒకామె కొలువుకి వచ్చింది. ఆమెవి వింత వీడియోలు. కథ ఉండదు, పాట ఉండదు. తెర మీద మనుషులు నిదానంగా కదులుతూ ఉంటారు, అంతే.

"రాణిగారు ఉన్న రోజుల్లో ఒకటి తీశాను ప్రభూ," అంది.

పట్టపగలే కిటికీలకి దుప్పట్లు కట్టి, గోడకి తెల్లటి తెర బిగించారు. తెర మీదికి రాణి వచ్చింది. తమలపాకుల ఈనెలు తీస్తూ ఏదో చెబుతోంది. చెబుతూ నవ్వింది. మళ్లీ చెప్పింది. రాజు మిషను మీట తిప్పాడు, బ్యాటరీ మార్పించాడు, లేచి వెళ్లి చెవిని తెరకి ఆనించాడు. ఏమీ వినపడలేదు.

"గొంతేదమ్మా?"

"అప్పటి నా కెమెరాకి చెవుల్లేవు ప్రభూ. బొమ్మ ఒక్కటే పట్టింది."

కొలువంతా సాయానికి వచ్చింది. "నా పరాక్రమాన్ని పొగుడుతున్నారు," అన్నాడు సేనాపతి. "మంత్రి చెప్పినట్టు వినమంటున్నారు," అన్నాడు మంత్రి. ఆస్థానకవి ఏకంగా పద్యమే అందుకున్నాడు.

"ఆవిడ మీ గురించి ఇంత నవ్వుతూ చెప్పదు," అన్నాడు రాజు. "నోళ్లు ముయ్యండి."

అప్పుడు ఆయన చూపు రాణి పక్కకి పోయింది. అక్కడ ఒక పడుచువాడు కూర్చుని ఉన్నాడు. ఆమె చుట్టి ఇచ్చిన తాంబూలం నములుతూ, కిటికీ అవతల గుర్రాల్ని చూస్తున్నాడు.

"ఎవడతను? ఆవిడ అంతసేపట్నించీ చెబుతుంటే ఇటు తిరగడేం?"

వీడియోలామే చెప్పింది. "తమరే, ప్రభూ."

రాజు పరకాయించి చూశాడు. ఆ ఏటవాలు కిరీటం, ఆ మీసం తనవే. చెవులు రెండూ నిక్షేపంలా పనిచేసిన రోజులవి.

"అయితే మరీ మంచిది," అన్నాడు ఆశగా. "పక్కనే ఉన్నాడుగా. ఆవిడ ఏమందో అతన్నే అడగండి."

మంత్రి తెర ముందుకి వెళ్లి, వంగి దండం పెట్టి, అలవాటు కొద్దీ గొంతు చించుకుని అడిగాడు. సేనాపతి కూడా అరిచాడు. ఆ అరుపుకి బయట లాయంలో నిజం గుర్రాలు బెదిరాయి గాని, తెర మీది పడుచువాడు తల తిప్పలేదు.

మంత్రి చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చాడు. "అతని చెవిన పడలేదు ప్రభూ. మన ఆచారం ప్రకారం రాణిగారు ఏమీ అననట్టే లెక్క."

తెర మీద రాణి పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. రాజుకి మొదటిసారి ఆ ఆచారం మీద అసహ్యం వేసింది. చెవిలోంచి మిషను తీశాడు. తెర దగ్గరికి నడిచి, శాలువాకున్న పిన్నీసు ఊడదీసి, పడుచు రాజు చెవి ఉన్నచోట ఆ మిషనుని తెరకి గుచ్చాడు.

"చెవుడు వీడికి," అన్నాడు. "మళ్లీ మొదటినుంచి వెయ్యమ్మా."

వీడియో మళ్లీ మొదలైంది. పడుచువాడు ఇప్పుడైనా తిరుగుతాడేమోనని కొలువంతా ఆ మిషను వంకే చూస్తోంది. ముసలి రాజు మాత్రం కుర్చీ రాణి దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఆమె ముఖం మీద నుంచి చూపు మరల్చకుండా, మధ్యమధ్యలో ఊఁ కొడుతున్నాడు.