నాలుగు బేసిన్లలో నిలబడ్డ పందెం గుర్రం

"నా చెప్పులేవిరా?"

పైడమ్మ వేసిన ఆ కేక వీధి చివర టీ కొట్టు దగ్గరున్న మాకు కూడా వినిపించింది. పరిగెత్తుకెళ్ళి చూద్దుం కదా, ఆవిడ వట్టి కాళ్ళతో అరుగు మీద నిలబడి ఉంది. ముగ్గురు కొడుకులూ వసారాలో కత్తిపీటలు వేసుకుని ఇంటిల్లిపాది చెప్పులూ వంకాయల్లా తరుగుతున్నారు.

"దేనికైనా తెలివుండాలమ్మా," అన్నాడు పెద్దాడు గవరయ్య, తలెత్తకుండానే. ఈ ఊళ్ళో ఉన్న తెలివి మొత్తం మూడు పాళ్ళనీ, మనిషికో పాలు చొప్పున మూడూ తమకే వచ్చాయనీ రెండోవాడు సన్యాసి వివరించాడు. మరి అమ్మకేం మిగల్లేదే అని ఆఖరివాడు అప్పలకొండ కాస్త బాధపడ్డాడు.

సంగతేంటంటే, వాళ్ళకో ఆడగుర్రం ఉంది. పేరు పావురాయి. ఏటా మా ఊరి తీర్థంలో గుర్రప్పందెం ఆడుతుంది. నాలుగేళ్ళుగా ఆఖరే. పైడమ్మకి విసుగు పుట్టి, ఈసారి ఎవరో ఒకరి కంటే ముందు గీత దాటకపోతే దాన్ని మీ మేనమామ ఇటుకల బండికి కట్టించేస్తాను అనేసింది. ముగ్గురికీ ఆ గుర్రమంటే ప్రాణం. బెంగతో రెండు పూటలు అన్నం మానేశారు. మూడో పూట ఆకలేసి తిన్నారు.

పైగా ఈసారి పందెం ఎప్పట్లా మట్టి మీద కాదు. ఊరవతల కొత్తగా సింథటిక్ ట్రాక్ వేశారు. దాన్ని చూసుకునే రహంతుల్లా గారిని అడిగితే పాపం ఓపిగ్గా చెప్పాడు. ఇసుక, రబ్బరు ముక్కలు, తివాచీ పీచు కలిపి మైనం పట్టిస్తారట. వానకి బురదవ్వదు, ఎండకి గట్టిపడదు. ముందు గుర్రం డెక్కల కింద మట్టిపెళ్ళలు లేచి వెనక గుర్రం మొహాన పడటం ఉండదు. మట్టికి అలవాటుపడ్డ గుర్రం కొత్త నేల మీద బెదురుతుంది, ముందుగా దాని కాళ్ళకి అలవాటు చెయ్యండి బాబూ అన్నాడు.

అంతే. చెప్పులయ్యాయి, సైకిలు ట్యూబులయ్యాయి, పైడమ్మ పెళ్ళినాటి జంపఖానా పీచు పీచైంది. ఇంట్లో కొవ్వొత్తులన్నీ కరిగిపోయాయి. ఇంత కష్టపడినా సరుకు గంపెడే వచ్చింది, గుర్రాన్ని తిప్పే పొలమంతా ఎలా పరుస్తామని సన్యాసి దిగులుపడ్డాడు.

"పొలమంతా ఎందుకురా? దానికున్నవి నాలుగు కాళ్ళేగా," అన్నాడు గవరయ్య.

ఇంకేముంది, నాలుగు బేసిన్లలో సర్ది, ఒక్కో దాంట్లో ఒక్కో కాలు పెట్టించారు. కదిలితే బేసిను తిరగబడుతుంది కాబట్టి, కదలకుండా నిలబడితేనే బెల్లం ముక్క. ఎనిమిది రోజులు అదే పని. ఎనిమిదో రోజుకి ముక్కు మీద ఈగ వాలినా పావురాయి కదల్లేదు. బ్రహ్మాండంగా అలవాటైపోయిందని ముగ్గురూ ఒకళ్ళ వీపు ఒకళ్ళు తట్టుకున్నారు.

పందెం రోజు వచ్చింది. ఏడు గుర్రాలు. పావురాయి మీద అప్పలకొండ. జెండా ఊపగానే ఆరు గుర్రాలు దూసుకుపోయాయి. పావురాయి మాత్రం కాళ్ళ కింద నేలని గుర్తుపట్టి, నాలుగు కాళ్ళూ చక్కగా సర్దుకుని నిలబడిపోయింది. మెడ తిప్పి బెల్లం కోసం చూసింది.

"అస్సలు బెదరడం లేదన్నయ్యా," అని అప్పలకొండ పైనుంచి సంతోషంగా చెప్పాడు.

అప్పుడు సన్యాసి బుర్ర పనిచేసింది. నాలుగేళ్ళూ అందరి వెనకా పరిగెత్తిన గుర్రం కదా, పందెమంటే దానికి తెలిసింది మొహాన మట్టిపెళ్ళలు పడటమే. ఇక్కడ పెళ్ళలే లేకపోతే పందెం మొదలైందని దానికెవరు చెప్పాలి? అంతే, గవరయ్య పక్క చేలోంచి గంపెడు తడిమట్టి తెచ్చి, గుర్రం ఎదురుగా నిలబడి, ముద్దలు చేసి మొహం మీద కొట్టడం మొదలెట్టాడు. రెండు ముద్దలకి ఊరుకుంది. మూడోది కంట్లో పడింది.

ఇంకేముంది, అప్పలకొండని ఎత్తి కుదేసి గవరయ్య మీదికి లంఘించింది. గంప నెత్తిన పెట్టుకుని గవరయ్య ముందు, పళ్ళు బయటపెట్టి పావురాయి వెనక, ఆగవే నేనింకా ఎక్కలేదని కుంటుకుంటూ అప్పలకొండ ఆ వెనక. రహంతుల్లా గారు తల పట్టుకుని కూలబడ్డాడు. ఆరు గుర్రాలూ పరుగు ముగించి నీళ్ళు తాగుతుండగా, వీళ్ళు ఆ వరసలోనే గీత దాటారు. రౌతు లేకుండా వచ్చిన గుర్రాన్ని లెక్కలోకి తీసుకునేది లేదని పందెం పెద్దలు చెప్పేశారు.

ముగ్గురూ పావురాయి మెడ పట్టుకుని తల్లి ముందు నిలబడ్డారు. పైడమ్మ వేళ్ళ మీద లెక్కేసింది.

"అప్పలకొండ ఎప్పుడు దాటాడ్రా గీత?"

"గుర్రం దాటాకేనమ్మా."

"అయితే ఎవరో ఒకరి కంటే ముందు దాటిందిగా. ఆడినమాట తప్పను. ఇవాళ్టి నుంచి ఇది కూడా మన ఇంటి మనిషే."

ఆ సంతోషంలో నన్నూ భోజనానికి ఉండిపొమ్మన్నారు. చింతచిగురు పప్పు ఘుమఘుమలాడుతోంది. అరటాకులు వేశారు. ఇంటివాళ్ళందరూ కూర్చుంటే గానీ వడ్డించనంది పైడమ్మ. కూర్చున్నాం. ఆవిడ గరిటె పైకెత్తి ఆపేసింది. పావురాయి ఇంకా నిలబడే ఉంది.

ఇంటి మనిషి నిలబడి ఉంటే ఎలా వడ్డిస్తుంది? అప్పలకొండ ఇరవైసార్లు కూర్చుని లేచి చూపించాడు. సన్యాసి వెనక నుంచి నొక్కాడు. గవరయ్య కాళ్ళు పిసికాడు. పప్పు చల్లారింది, నా కడుపు కాలింది. చివరికి దీపాలు పెట్టే వేళకి అలసిపోయి అదే మోకాళ్ళు మడిచి ఆకు ముందు కూలబడింది. హమ్మయ్య అని పైడమ్మ అందరికీ వడ్డించి తనూ కూర్చుంది.

పావురాయి అన్నం వాసన చూసి, పక్కకి నెట్టి, అరటాకుని కరకరా నమిలింది. నలుగురూ దాన్నే చూశారు.

"అది తెలీకుండా తింటుందా?" అన్నాడు గవరయ్య.

అంతే, అన్నం కింద దొర్లించేసి నలుగురూ ఆకులు నమలడం మొదలుపెట్టారు. పైడమ్మ నా వంక చూసి, "మొహమాటపడకు తమ్ముడూ, ఇంకో ఆకు వెయ్యనా?" అంది.