మిణుగురు దీపాల బాకీ

అనగనగా అని అందరూ మొదలెడతారు. నేను మాత్రం ఆకాశానికి నిచ్చెన వేసి, మబ్బుల మీద కూచుని కళ్లారా చూసిన సంగతి చెబుతాను, వినండి.

వాగు మీదికి వంగిన ఈతచెట్టు ఒకటి. దాని నిండా గిజిగాళ్ల కాపురాలు. అందరికీ గూళ్లు అల్లిపెట్టేది పీచుమామ అనే ముసలి గిజిగాడు. ఆయన గూడు పట్టుకుని ఏనుగు వేలాడినా తెగదు. నేనే వేలాడి చూశాను! ఖరీదు నూరు జొన్నగింజలు.

చెట్టు మొదట్లో పందికొక్కు షావుకారు కొట్టు పెట్టాడు. "ఇవాళ పట్టుకెళ్లండి, కోతలకి ఇద్దురుగాని" అంటూ మొదటి ఏడాది మిణుగురు దీపాలు అరువిచ్చాడు. రెండో ఏడు నెమలీకల పరుపులు. మూడో ఏడు అద్దపు పెంకులు. సాయంత్రమైతే చెట్టంతా నక్షత్రాలు పూసినట్టుండేది. వాగు నీళ్లలో ఇంకో చెట్టు వెలిగేది.

కోతలొచ్చాయి. గింజలన్నీ షావుకారు బొరియలోకి పోయాయి, అయినా బాకీ తీరలేదు. పీచుమామ కొత్త గూళ్లు ఖాళీగా గాలికి ఊగాయి. నూరు ఎనభై అయింది, ఎనభై అరవై అయింది, నలభై అన్నా ఎవరూ రాలేదు.

ఒక పొద్దుటే చిట్టిముక్కు అనే ఆడపిట్ట వచ్చింది. దాని పాత గూడు అడుగు చిరిగింది. మూడు రోజుల్లో గుడ్లు పెట్టాలి.

"ముప్పైకిస్తా, తీసుకోవే పిల్లా."

"మూడు గింజలు కూడా లేవు మామా. ఇంటి నిండా వెలుగే!"

"పోనీ, అరువు పెట్టుకో."

"అమ్మో, ఆ మాట వినే ఇలా అయ్యాను. నీకు పీచు మోసిపెడతా. కూలికి గూడివ్వు."

పీచుమామ సరేనన్నాడు. చిట్టిముక్కు దీపం, పరుపు, అద్దం తీసుకెళ్లి షావుకారు ముందు పెట్టింది.

షావుకారు మీసం దువ్వాడు. "వాడిన సరుకు. సగం బాకీయే కొట్టేస్తా. అయినా చీకట్లో గుడ్లెలా పొదుగుతావే?"

"పొదగడానికి వెచ్చదనం కావాలయ్యా, వెలుగెందుకు? మిగతా సగం వచ్చే కోతకి తెచ్చిస్తా. కొత్తది మాత్రం అంటగట్టకు."

మూడు రోజులు పీచు మోసింది. మూడు లక్షల పోచలు, నేను లెక్కపెట్టాను! మూడో సాయంత్రం కొత్త గూట్లో దూరిందో లేదో, వాన దిగింది. పాత గూళ్లలో దీపాలు ఒక్కొక్కటే తడిసి ఆరిపోయాయి. చిట్టిముక్కు గూడు ఉయ్యాలలా ఊగింది. లోపల చుక్క పడలేదు. తెల్లని గుడ్లు రెండు పడ్డాయి.

తెల్లారేసరికి పిట్టలన్నీ సరుకు వెనక్కిస్తూ షావుకారు గుమ్మంలో బారులు తీరాయి. అన్ని మిణుగురుల్ని మేపలేక ఆయన వదిలేశాడు. ఆ సాయంత్రం అవి ఎవరి బాకీ కాకుండా చెట్టు చుట్టూ ఊరికే వెలిగాయి. మరుసటి కోతకి పీచుమామ గూళ్లన్నీ నిండాయి.

మెరుపుల కోసం రేపటి గింజను ఇవాళే తినేస్తే, వాననాడు తలదాచుకునే గూడు దక్కదు.