గాలికి ఎదురుగా పదకొండేళ్లు

ఏసుపాదం ఆదివారంతో ఆట మానేస్తున్నాడు. రేవుపట్నంలోని ఆ చిన్న క్రికెట్ క్లబ్బులో అలా మానేసేవాడి లెక్కలు అందరి ముందూ చదవడం ఆనవాయితీ. గొప్పగా ఆడినవాడైతే చివరి మ్యాచ్ బంతి చేతిలో పెడతారు. కాకపోతే చప్పట్లతో సరి.

ఎవడు గొప్పో తేల్చేది కెప్టెన్. అంటే తాతారావు. రెండు రోజులు స్కోరు పుస్తకాలు ముందేసుకుని తేల్చేశాడు కూడా. ఆ కాగితం పట్టుకుని గ్రౌండుకి, మస్తాన్ మాస్టారి దగ్గరికి వెళ్లాడు. ఇద్దరికీ బౌలింగ్ నేర్పింది ఆయనే. డెబ్బై దాటాయి, మోకాళ్లు పోయాయి. నోరు మాత్రం పోలేదు.

"చదువు."

"పదకొండేళ్లు. అరవై మూడు వికెట్లు. ఒక్కో వికెట్టుకీ ముప్ఫై ఎనిమిది పరుగులిచ్చాడు. అదే పదకొండేళ్లలో నావి రెండొందల పద్నాలుగు. బంతి ఇవ్వడం కుదరదు మాస్టారూ. వాడంటే నాకు కోపమేం లేదు. అంకెలు అబద్ధం చెప్పవు కదా."

"చెప్పవు. వాటికి నోరెక్కడ ఏడిచింది?"

మాస్టారు కాగితం అందుకుని, పాత బంతి ఒకటి తాతారావు మీదికి విసిరాడు. అవతల మ్యాటు పరుస్తున్న ఏసుపాదాన్ని కేకేసి వికెట్ల వెనక నిలబడమన్నాడు.

"ఊరి వైపు నుంచి ఒక ఓవర్ వెయ్యి."

"నేనెప్పుడూ సముద్రం వైపు నుంచే కదా మాస్టారూ వేసేది!"

"తెలుసు. వెయ్యి."

మధ్యాహ్నం మూడు దాటింది. సముద్రపు గాలి లేచింది. ఆ గాలి వీపున ఉంటే మనిషిని మోసుకెళుతుంది. ముఖాన ఉంటే మెడ పట్టుకుని వెనక్కి నెడుతుంది. ఎంత మొనగాడైనా దానికి లెక్క లేదు.

తాతారావు మొదటి బంతి సగం దూరంలోనే పడింది. రెండోది మ్యాటు దాటిపోయింది. మూడో బంతికి కళ్లల్లో ఇసుక. నాలుగో బంతికి భుజంలో నిప్పు పోసినట్టయింది.

"అంగ చిన్నది చెయ్యన్నా!" అరిచాడు ఏసుపాదం. "కళ్లు సగం ముయ్యి. భుజంతో వెయ్యకు, పాడైపోద్ది!"

ఆరో బంతి వేసి తాతారావు మోకాళ్ల మీద చేతులానించి వంగిపోయాడు. ఏసుపాదం బంతి ఎడమ చేత్తో పట్టుకుని దగ్గరికొచ్చాడు. కుడి చెయ్యి పక్కకి వేలాడుతోంది.

"అలవాటు లేదు కదన్నా," అన్నాడు, తప్పు తనదైనట్టు.

మాస్టారి చేతిలో కాగితం చూశాడు. అదేమిటో అడగలేదు.

"చివరి మ్యాచ్ బంతి గురించి మొహమాటపడకన్నా. ఈ చెయ్యి ఎలాగూ లేవట్లేదు. మా చిన్నదానికి తెస్తానని నోరు జారాను, అంతే. ఏదో చెప్పుకుంటాలే."

తాతారావు తలెత్తాడు.

"ఇన్నేళ్లలో ఒక్కసారైనా సముద్రం వైపు నుంచి వేస్తానని అడగలేదేంరా?"

ఏసుపాదం వింతగా చూశాడు.

"అడిగాను కదన్నా. వచ్చే మ్యాచ్‌లో చూద్దాంలే అన్నావు."

"ఎప్పుడు?"

"మొదటేడు."

ఆ మాటలో నిష్ఠూరం ఉన్నా బాగుండేది. లేదు. ఏసుపాదం వెళ్లి మళ్లీ మ్యాటు సర్దుకుంటున్నాడు, ఒంటి చేత్తో.

మాస్టారు కాగితాన్ని తిరగేసి, ఖాళీగా ఉన్న వైపు పైకి పెట్టి తాతారావుకిచ్చాడు.

"మొదటేటి నుంచి రాయి. ఎవరు ఏ వైపు నుంచి వేశారో కూడా."