పుట్టింటికి తిరిగొచ్చే నది

ఒకప్పుడు కంబోడియాలో కుంథియా అనే ఆవిడ ఉండేది. వయసు నలభై రెండు. రోజూ పొద్దున్నే నదిని "అన్నం తిన్నావా?" అని అడగందే కడవ ముంచేది కాదు.

ఆ నది పేరు తోన్లేసాప్. అప్పట్లో అది ఒక్కవైపే పారేది. పెద్ద సరస్సులో పుట్టేది, కిందికి పోయేది, మెకాంగ్ మహానదితో కలిసి సముద్రంలో పడేది. పోవడమే గానీ రావడం ఎరగదు.

కుంథియాకి ఒక కూతురు, ఒక కొడుకు. కూతురు మాలిస్, చేపలు కొనడానికి పడవేసుకుని వచ్చిన కియెన్‌ని ఇష్టపడింది. కియెన్‌ది కింది దేశం, వియత్నాం. పెళ్ళి కుదిరింది. ఎవరు ఎవరింటికి వెళ్ళి ఉండాలో మాత్రం ఎవరూ అడగలేదు. పొద్దు ఏ దిక్కున పొడుస్తుందని ఎవరైనా అడుగుతారా?

కుంథియా వాళ్ళలో అల్లుళ్ళందరిదీ ఇల్లరికమే. ఎవరూ నవ్వరు. అక్కడి ఆచారం ప్రకారం కియెన్ అత్తగారి ఊళ్ళో ఇల్లు కట్టాడు. పెళ్ళిలో మాలిస్ పైట చెంగు పట్టుకుని ఆమె వెనకే నడిచాడు కూడా. పెళ్ళయ్యాక పడవలో సామాన్లు సర్దాడు.

"ఎక్కడికి నాయనా? ఇల్లు కట్టావుగా?" అంది కుంథియా.

"అది మీకు మర్యాద కోసం కట్టానత్తా. మా ఇంట్లో చనిపోయిన పెద్దల పీఠం ముందు అగరొత్తులు వెలిగించాల్సింది కోడలే."

"మా మొదటి రాణి దగ్గరికి మొగుడే సముద్రం దాటి వచ్చాడంటారు. నువ్వు నది దాటలేవూ?"

"వస్తే మా ఊళ్ళో నన్ను మనిషిగా చూడరు."

మాలిస్ ఇద్దరి మధ్యా నిలబడింది. "ఒక్కసారి వెళ్ళి, దణ్ణం పెట్టి వచ్చేస్తానమ్మా," అంది. వెళ్ళింది. రాలేదు.

కుంథియా నది దగ్గర కూలబడింది. "నా పిల్ల ఎలా ఉందో చూసి వచ్చి చెప్పవే."

"నాకు పోవడం ఒక్కటే నేర్పారు," అంది నది. "వచ్చినదాన్ని సముద్రం వదలదు."

"నీకూ అత్తిల్లేనా?"

"మరి?"

అయినా నది కియెన్ వాళ్ళ కాలవలోకి వెళ్ళి, రేవులో బియ్యం కడుగుతున్న అతని తల్లిని అడిగింది. "ఆ పిల్లని ఒకసారి పంపకూడదా, అమ్మా?"

ఆవిడ చెయ్యి ఆగింది. "మాకు ఉత్తరాన ఉన్న దేశపు చక్రవర్తులు మా నెత్తిన వెయ్యేళ్ళు కూర్చున్నారు. తర్వాత భూమి చాలక దక్షిణానికి నడిచాం, పెద్దల సమాధులు వదిలేసి. వదిలిందేదీ మాకు మళ్ళీ దక్కలేదు. నేనూ మా అమ్మని వదిలొచ్చినదాన్నే. గడప లోపలికొచ్చినదాన్ని వదలం."

ఆవిడ చెడ్డది కాదు. ఆవిడకి భయం. కానీ భయపడేవాళ్ళ చేతిలో తాళంచెవి ఉంటే, చెడ్డవాళ్ళ అవసరం ఉండదు.

అత్త లోపలికి వెళ్ళాక మాలిస్ రేవులోకి వచ్చింది. నెలలు నిండిన మనిషి. "అమ్మకి చెప్పు. ఇక్కడా అన్నం తిన్నావా అనే అడుగుతారు. అందరూ తిన్నాక అడుగుతారు." పెళ్ళినాటి పైటని నీళ్ళలో వదిలింది. "ఇది అమ్మకివ్వు."

నది మెకాంగ్ కాళ్ళు పట్టుకుంది. "అక్కా, నన్నొక్కసారి పుట్టింటికి పంపు."

"వానలు రానీ," అంది మెకాంగ్. "నా ఒళ్ళు పొంగినప్పుడు నిన్ను వెనక్కి నెడతాను. వాన తగ్గిందా, నీ చోటికి నువ్వు పోవాల్సిందే."

వానలు ఆలస్యమయ్యాయి. వచ్చేసరికి మాలిస్ పురిట్లో పోయింది. బిడ్డా దక్కలేదు.

నది మొదటిసారి ఎదురు తిరిగింది. బురద కలుపుకుని, చేపల్ని వెంటేసుకుని, పైటని మోసుకుని సరస్సు దాకా వచ్చింది.

"అన్నం తిన్నావా?" అంది కుంథియా. పైట ఒడ్డుకి తగిలింది.

"ఇప్పుడా రావడం?" అంది కుంథియా.

పై దేశంవాళ్ళు "కిందివాళ్ళు మింగేసే రకం" అన్నారు. కింది దేశంవాళ్ళు "పైవాళ్ళు ఆడపిల్లలకి పని నేర్పరు, బలం ఉండదు" అన్నారు. పిల్లలకి పాలతోపాటు ఆ మాటలే పట్టారు. పెళ్ళిలో అడగని ఆ ప్రశ్న మాత్రం ఇప్పుడూ ఎవరూ అడగలేదు.

అప్పటినుంచే తోన్లేసాప్ నది ఏటా వానల్లో వెనక్కి తిరిగి, సరస్సు దాకా వచ్చి, వాన తగ్గగానే మళ్ళీ కిందికి పోతుంది. అది మోసుకొచ్చే చేపల్ని రెండు దేశాలవాళ్ళూ తింటారు.

కుంథియా తర్వాత కొడుక్కి పెళ్ళి చేసింది. ఊరి ఆచారాన్ని కాదని కోడల్ని తన ఇంటికే తెచ్చుకుంది. ఆ పిల్ల అమ్మని చూసొస్తానంటే, ఒక్కసారి కూడా పడవ ఇవ్వలేదు.