నీరుగంటి నక్క పెట్టిన తడి

కొండ దిగువన, వాగు ఒడ్డున, ఆ యేడు జంతువులన్నీ కలిసి వేప మొక్కలు పెట్టాయి. అంతకుముందున్న చెట్లను గొడ్డలి తినేసింది. మధ్యాహ్నం పూట తల దాచుకోవడానికి చారెడు నీడ లేకుండా పోయింది. అందుకే వానల్లో గింజలు ఏరి తెచ్చి వరుసగా నాటాయి. మొలకలు మూరెడు మొక్కలయ్యాయి. ఆ తర్వాత వాన మొహం చాటేసింది. వాగు ఎండింది.

అడవిపంది ఇసుకలో చెలమ తవ్వింది. అందులో ఊరే నీళ్లు సగం తాగడానికి, సగం మొక్కలకు అని అన్నీ ఒప్పుకున్నాయి. ఒప్పుకోవడమంటే ఉత్త మాట కాదు. పిల్లలున్న చెవులపిల్లి గుక్క తగ్గించుకుంది. బురదలో పొర్లకపోతే ఒళ్లు పగిలే గేదె పొర్లడం మానేసింది. చెలమ నుంచి మొక్కల దాకా చిన్న కాలువ తీశాయి. రోజూ పొద్దున్నే కాలువకు మడవ తీసి, మొక్కలకు తడి పెట్టి, మళ్లీ మట్టితో మూయడానికి ఒకరు కావాలి.

"నీళ్ల దగ్గర నలుగురూ చేరితే చుక్క మిగలదు. నీళ్లు పంచే నీరుగంటి ఒక్కడే ఉండాలి," అంది నక్క. "కష్టమే. అయినా నేను చూసుకుంటాను."

"నక్క బావకు ఇంత సేవాబుద్ధి ఎప్పుడు పుట్టింది?" అంది బొల్లి మేక.

"నీలాంటిదాని నోటి నుంచి మొక్కల్ని కాపాడాల్సి వచ్చినప్పుడు."

అన్నీ నవ్వాయి. నక్కకు పని దొరికింది. మడవ వైపు ఇంకెవరూ రాకూడదన్న కట్టుబాటు కూడా అదే పెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఎండలు ముదిరాయి. మొదట్లో ఆకులు మధ్యాహ్నం వాలి, సాయంత్రానికి లేచేవి. కొన్నాళ్లకు సాయంత్రం కూడా లేవడం మానేశాయి. అంచులు మాడాయి. వరుస మొత్తం తల వాల్చింది. గేదె పోయి మైల ఎద్దుతో చెప్పింది. మైల ఎద్దు ఆ గుంపుకు పెద్ద. ఒకప్పుడు ఊళ్లో బావి దగ్గర మోట లాగి లాగి మెడ కాయలు కాసిన ముసలి ఎద్దు. రేపు పొద్దున్నే అందరూ మొక్కల దగ్గరికి రండని కబురు పెట్టింది.

తెల్లవారి వచ్చి చూస్తే పాదుల నిండా నీళ్లు! నేల మెత్తగా కాలి కింద దిగబడుతోంది. మొక్కలు మాత్రం వాలిన తల ఎత్తలేదు. సగం మొక్కల చివుళ్లు ఎవరో కొరికినట్టు తెగి కింద పడి ఉన్నాయి.

నక్క గొంతు బొంగురు చేసుకుంది. "మీ కళ్లతో మీరే చూడండి. నీళ్లు తక్కువై ఎండాయని ఎవరైనా అనగలరా? పాదులో నీళ్లున్నాయి, మొక్కలో ప్రాణం లేదు. మేక నోరు పడ్డ మొక్క మళ్లీ లేవదని మన తాతలు ఊరికే అన్నారా?"

"నేనా!" బొల్లి ముందుకు దూకింది. "చివుళ్లు కొరికి కింద పారేసే మేకను ఎక్కడైనా చూశారా? నేనే తిని ఉంటే ఇక్కడ చూడ్డానికి ఆకు మిగిలేదా?"

"దొంగ ఎప్పుడూ మిగిలింది చూపించే మాట్లాడుతుంది," అంది నక్క.

"పోనీ, ఇదిగో కొరకని మొక్క. దీని మీద నా నోరు పడలేదు కదా. ఇదెందుకు వాలింది?"

"నీ ఊపిరి తగిలింది."

"అవునవును," అంది గేదె. ఒళ్లంతా పగుళ్లతో మండుతున్న గేదెకు ఎవరో ఒకరు దోషి కావాలి. దాహంతో ఉన్న గుంపుకు తప్పు చేసినవాడికంటే తప్పు మోసేవాడు తొందరగా దొరుకుతాడు. "పొద్దు వాలేలోగా మేకల మంద కనుమ దాటిపోవాలి!" అని గేదె అరిచింది. మిగిలినవి తలలూపాయి.

బొల్లి గుంపుకు ఎదురుగా నిలబడింది. "కనుమ అవతల చిరుత ఉందని మీకు తెలుసు. నా పిల్లలు ఇంకా పాలు మానలేదు, పరిగెత్తలేవు. పొమ్మనడం ఎందుకు? చంపమని సూటిగా చెప్పండి! తాతా, నా మీద నేరం చెప్పింది ఒకరు. చూసింది ఎవరు?"

మైల ఎద్దు ఏదో అనబోయేలోపు చెవులపిల్లి గొంతు సవరించుకుంది. "నేను చూడలేదు. విన్నాను. మధ్యాహ్నం ఎండలో ఈ మొక్కల పక్కన పడుకుంటే కాడల్లోంచి సన్నగా చప్పుడొచ్చేది. టిక్కు, టిక్కుమని. పురుగేమో అనుకున్నాను. రాను రాను అదీ ఆగిపోయింది."

"ఎప్పుడు ఆగింది?"

"అమావాస్యకు ముందే తాతా."

"మరి చివుళ్లు ఎప్పుడు తెగాయి?"

"నిన్న సాయంత్రం దాకా ఉన్నాయి."

ఎద్దు వంగి ఒక కాడ కొరికింది. నెమ్మదిగా నమిలి ఉమ్మేసింది. "నేల తడిగా ఉంది. కాడ చొప్పదంటులా కరకరమంటోంది. మొక్క తాగేది ఎలాగనుకున్నారు? పైన ఆకు లాగుతుంది, కింద వేరు అందిస్తుంది. మధ్యలో కాడ పొడుగునా నీరు తెగని దారంలా సాగుతుంది. నేలలో నీరు లేక, ఎండకు ఆకు లాగుతూనే ఉంటే ఆ దారం బిగిసి బిగిసి పుటుక్కున తెగుతుంది. తెగిన చోట గాలి దూరుతుంది. లేత మొక్కకు అలాంటి దారాలు ఎన్నో ఉండవు. చెవులపిల్లి విన్నది అవి తెగుతున్న చప్పుడే. మోట మోకు తెగిపోయాక బావి నిండా నీళ్లుంటే మాత్రం పొలం తడుస్తుందా?"

"అంటే ఈ మొక్కలు ఎన్నాళ్లుగానో దాహంతో..." అంది గేదె.

నక్క తడబడలేదు. "దాహమే అనుకుందాం తాతా. ఊరిన నీరంతా పెట్టాను. ఈ పాడు నేల తాగేసింది. నేనేం చేసేది? అయినా మేక నోరు విషం కాదని దీంతో తేలిందా?"

"తేల్చుకుందాం బావా," అంది బొల్లి. "కడుపు నిండా నీళ్లు తాగుతున్న పచ్చటి మొక్కను ఒకదాన్ని అందరి ముందూ కొరుకుతాను. అది చస్తే, ఎవరూ తరమక్కర్లేదు, పిల్లల్ని తీసుకుని నేనే కనుమ దాటతాను."

నక్క పగలబడి నవ్వింది. "ఈ కరువులో పచ్చటి మొక్క ఎక్కడుందే పిచ్చిదానా? చూపించు!"

"మేకను పట్టుకుని ఆకు ఎక్కడుందని అడుగుతున్నావా?"

బొల్లి ముట్టె పైకెత్తి గాలి పీల్చింది. ఎడమకు తిరిగింది. నడిచింది. గుంపు వెనకే కదిలింది. మడవ దాటి, బండరాళ్ల సందులోంచి దూరి అవతలికి వెళ్లి చూస్తే పుచ్చతీగలు నేలంతా పాకి ఉన్నాయి. పచ్చగా, నిగనిగలాడుతూ. వాటి మొదళ్ల దాకా ఒక పిల్లకాలువ వచ్చింది. దాని మీద ఎండుటాకులు కప్పి ఉన్నాయి.

బొల్లి అన్నిటికన్నా బలమైన తీగను ఎంచుకుని నోరు తెరిచింది.

"ఒసేయ్, ముట్టుకోకే! నా తీగలు పిందె మీదున్నాయి!" అని నక్క కేకేసింది.

గేదె మెల్లగా తల తిప్పింది. "ఎవరి తీగలు?"

నక్క రెండడుగులు వెనక్కి వేసింది.

"నా ఒళ్లు పగిలి నెత్తురు కారింది నీ పుచ్చకాయల కోసమా? రాత్రికి రాత్రి పాదులు నింపి, చివుళ్లు తుంచి, నేరం మేక మీద పెట్టావా?" గేదె కాలు నేలకేసి కొట్టింది.

చెవులపిల్లి మాత్రం అరవలేదు. "నా చిన్నది నీళ్లకు ఏడిస్తే, మొక్కలకమ్మా, ఓర్చుకోమని చెప్పాను," అంది. "నా బిడ్డకు నా చేత అబద్ధం చెప్పించావు."

బొల్లి కసుక్కున తీగ చివర కొరికింది. "భయపడకు బావా. మొదలుకు నీళ్లందుతున్న తీగ. నేను కొరికితే పక్క నుంచి చిగురేస్తుంది."

అయితే ఆ చిగురు చూసే యోగం నక్కకు దక్కలేదు. మేకలు ఆ పూటే మడిని నున్నగా చేసేశాయి. పిల్లకాలువను గేదె తన కాళ్లతోనే తొక్కి పూడ్చింది.

"ఇప్పుడు నీళ్లన్నీ మొక్కలకే పెడదాం, లేస్తాయి తాతా," అని మొక్కల దగ్గరికి తిరిగొచ్చాక నక్క బతిమాలింది.

"చాలావాటికి ఆ రోజు దాటిపోయింది. మడవ పక్కన కారిన నీటికి తడిసిన ఈ నాలుగు మొక్కల మొదళ్లలో ఇంకా పచ్చదనం ఉంది. వీటికి వేళకు నీళ్లు పెట్టాలి. ఆకు లాగుడు తగ్గాలంటే మధ్యాహ్నం నీడ కూడా కావాలి. ఆ నీడ నువ్వే," అంది మైల ఎద్దు.

నీరుగంటి పని చెవులపిల్లికి వెళ్లింది. మడవ దగ్గరికి ఎవరైనా ఎప్పుడైనా వచ్చి చూడొచ్చన్నది కొత్త కట్టుబాటు. ఆ వేసవి పొడుగునా, మిట్టమధ్యాహ్నం నక్క ఎండకు వీపు పెట్టి, నాలుక వేలాడేసుకుని, ఆ మొక్కలకు అడ్డంగా నిలబడేది. పైన ఎగురుతున్న కాకి ఒకటి ఆగి, "నీరుగంటిగారూ, ఏం చేస్తున్నారు?" అని అడిగింది.

"కనబడటం లేదా? నీడనిస్తున్నాను," అంది నక్క పళ్లు నూరుతూ.

"కొంచెం జరగండి. మూడో మొక్క మీద ఎండ పడుతోంది."

నక్క జరిగింది.

నీతి: దాహం వేళ ఆపిన నీరు, ఆ తర్వాత ఎంత పోసినా సాక్ష్యానికే గాని ప్రాణానికి పనికిరాదు.